సద్దివేళ సుద్దులు: నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాట, వార్త, రేడియో

ప్రజాకళల చరిత్ర రాసిన మన విమర్శకులు బుర్రకథను గురించి రాశారు, ఒగ్గుకథను గురించి, గొల్లసుద్దులను గురించి, చిందు భాగవతాన్ని గురించి రాశారు. రేడియోను గురించి రాసినవారు వేరు. వారిలో చాలామంది ఆ శాఖలో వుద్యోగం చేసినవారు కనుక వారి రచనలు సహజంగానే జ్ఞాపకాల రూపంలో వున్నాయి. ఈ రెండు చరిత్రలు ఎక్కడ కలిశాయి, ఎక్కడ విడిపోయాయి, ఆ విడిపోవటం తనంతట తాను జరిగిందా లేక ఎవరైనా విడదీశారా అన్న ప్రశ్న మాత్రం ఇటు సాహిత్య విమర్శకూ అటు ప్రసార చరిత్రకూ చెందకుండా మధ్యన వుండిపోయింది. దక్షిణ తెలంగాణా మెట్టప్రాంతాన్ని, అనగా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను వుదాహరణగా తీసుకుని ఆ ప్రశ్నను పరిశీలించటమే ఈ వ్యాసం వుద్దేశం. 2016లోనూ 2019లోనూ ఈ రెండు జిల్లాలూ ముక్కలై నేడు ఎనిమిది జిల్లాలుగా వున్నవి గాని, నేను పాత పేర్లతోనే వ్యవహరిస్తాను. పాటకు జిల్లా సరిహద్దు లేదు గదా.

ముందు రెండు మాటలు తేల్చుకోవాలి. సుద్ది అంటే సంగతి, వార్త. పాలమూరు జిల్లాకు పడమట సరిహద్దుగా వున్న కన్నడదేశంలో నేటికీ దినపత్రికలో అచ్చయ్యే వార్తను సుద్ది అనే అంటారు. నారాయణపేట, మక్తల్ ప్రాంతాల్లో ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష మాట్లాడే జనానికి ఈ మాట రెండు వైపులా తెలుసు. మన దగ్గర క్రమంగా దాని అర్థం కుంచించుకుపోయి, సుద్దులు చెప్పటమంటే నీతులు చెప్పటమనో, కాలక్షేపం కబుర్లనో అయింది. కాని గొల్లసుద్దులు అనే కళారూపం పేరులో పాత అర్థం పదిలంగా వుంది. గొల్లవాడు గొంగడి భుజాన వేసుకుని వూరూరా మందతో తిరిగేవాడు. తిరిగేవాడి దగ్గర సుద్దులుంటాయి. ఇక రెండవ మాట సద్ది. రాత్రి మిగిలిన అన్నమో, జొన్నగటకో, రొట్టెయో పొద్దున్నే తిని పనికి పోవటం, లేదా మూటగట్టుకుని చేను గట్టున తినటం. నాగరికులు ఫలహారమనేదానికి మా ప్రాంతపు మాట అది.

పాశ్చాత్య దేశాల స్థానిక రేడియోలు పొద్దున్నే, జనం ఫలహారం చేసే వేళకు ఒక కార్యక్రమం నడుపుతాయి. వూళ్ళోని గాయకుడు ఒక పాట పాడతాడు, నాటకం వేయబోయేవారు వచ్చి చెప్పుకుంటారు, పురపాలక సంఘంలో నిన్న జరిగిన రభసను గురించి సభ్యుణ్ణి పిలిచి నిలదీస్తారు. పాటా, కళా, రాజకీయమూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి. ఇది ఆధునిక ప్రసార సాధనం కనిపెట్టిన కొత్త రూపమని మనం అనుకుంటాము. నల్లగొండ, పాలమూరు జిల్లాలకు సంబంధించినంతవరకూ ఇది కొత్తది కాదని నా వాదన. రేడియో రాకముందే మాకు ఇటువంటిది వున్నది. రేడియో వచ్చి దాన్ని మూడు ముక్కలు చేసింది. ఆ ముక్కలను తిరిగి అతికే అవకాశం వచ్చిన నాడు చట్టం అడ్డం నిలిచింది.

బుర్రకథ నిర్మాణాన్ని గమనించండి. నడుమ తంబురా పట్టుకుని కథకుడు నిలబడతాడు. అటొకరు ఇటొకరు డక్కీలతో వంతలుంటారు. ఈ వంతలిద్దరూ ఒకే పని చేసేవారు కారు. ఒకడు హాస్యపు వంత, ఒకడు రాజకీయపు వంత. కథకుడు పురాణకథ చెప్పినా, వీరగాథ చెప్పినా, రాజకీయపు వంత మధ్యలో ఆపి నేటి సంగతిని లాక్కొస్తాడు. బియ్యం ధర, పటేలు దౌర్జన్యం, తాసీల్దారు లంచం, అన్నీ అందులోకి వస్తాయి. గొల్లసుద్దుల్లోనూ ప్రధాన గాయకుడికి పక్కవాద్యగాళ్ళ ప్రశ్నలే కథను నడుపుతాయి. అంటే ఈ కళారూపాల్లో ప్రశ్న అడిగేవాడికి ఒక స్థానం ముందే కేటాయించి వున్నది. అది కథకుడి దయమీద ఆధారపడినది కాదు. ప్రశ్నించేవాడు లేకపోతే కథే నడవదు. ఏ రేడియో కేంద్రపు నిర్మాణంలోనైనా ఇటువంటి స్థానం వున్నదా?

పాలమూరులో ఈ పని కిన్నెర చేసింది. డక్కలివారు వాయించే కిన్నెర సొరకాయ బుర్రలు కట్టిన వాద్యం. అందులో పన్నెండు మెట్ల కిన్నెర అరుదైనది. దానిమీద పాడే కథల్లో పండుగ సాయన్న కథ ముఖ్యమైనది. పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో పాలమూరు ప్రాంతంలో దొరలను దోచి పేదలకు పెట్టిన సాయన్నను నిజాం ప్రభుత్వం బందిపోటు అన్నది. ప్రభుత్వ కాగితంలో అతడు నేరస్థుడు, కిన్నెర మీద వీరుడు. ఏ పత్రికా లేని రోజుల్లో ఆ రెండవ తీర్పును వూరూరికీ మోసుకుపోయింది అడుక్కుని బతికే గాయకులు. తిరిగి చెప్పినప్పుడల్లా ఆనాటి దొరల పేర్లకు ఈనాటి దొరల పోలికలు తగిలించేవారు. నేను దీన్ని వార్త అంటాను. జానపద సాహిత్యమని మాత్రమే అనటం నాకిష్టం లేదు.

అచ్చు పత్రికలు రాకపోలేదు. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపాడు. పాలమూరు జిల్లావాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక స్థాపించాడు. వారి సేవను తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత. కాని నూటికి తొంభైమందికి పైగా నిరక్షరాస్యులైన రాజ్యంలో, అందులోనూ చదువు వుర్దూలో సాగిన రాజ్యంలో, తెలుగు పత్రిక చేరగలిగిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కించదగినవి. మిగిలినవారికి చెవే పత్రిక.

తెలంగాణా సాయుధపోరాటం ఈ చెవిని ఎట్లా వుపయోగించుకున్నదో మన పాఠకులకు తెలిసినదే కనుక దీర్ఘంగా రాయను. 1946 జులై 4న నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలి అయ్యాడు. ఆ సంగతి వూరి నుంచి వూరికి నడిచింది కాళ్ళతో, పాటతో. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను, యక్షగానాన్ని తీసుకుని వాటిలో వెట్టిని, నాగును, దొరగడీని నింపాడు. ఆయన కొత్త రూపాన్ని సృష్టించలేదు. పాత రూపంలో వార్త వుండవలసిన చోట వార్తను తిరిగి పెట్టాడు. బండి యాదగిరి పాట చదువుకున్న కవి రాసినది కాదు. నైజాము సర్కారును నిలదీసే ఆ పాట మూడు తరాలు గడిచినా జనం నోట వుండటానికి కారణం, అది పుట్టిన రోజున వార్త కావటమే. వాసిరెడ్డి, సుంకర కలిసి రాసిన 'మా భూమి' నాటకం ఆంధ్రలో వూరూరా ఆడి తెలంగాణా సంగతులను కోస్తా ప్రజలకు చేరవేసింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధించినవారికి ఆ నాటకం కళా, వార్తా అన్న సందేహం వచ్చివుండదు.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో రేడియో వుంది. ప్రైవేటుగా మొదలైన ఆ కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. దాన్నే డెక్కన్ రేడియో అన్నారు. రాజ్యంలో సుమారు సగంమంది తెలుగు మాట్లాడేవారైనా ఆ రేడియోలో పెత్తనం వుర్దూది. తెలుగుకు, మరాఠీకి, కన్నడానికి దక్కింది పంక్తి చివరి విస్తరి. 1947–48లో ఆ రేడియో నిజాం స్వతంత్రతకూ, రజాకార్ల ప్రచారానికీ బాకా అయింది. దానికి జవాబుగా స్టేట్ కాంగ్రెసువారు సరిహద్దు కావలి నుంచి భాగ్యనగర్ రేడియో పేరుతో రహస్య ప్రసారాలు నడిపారు. కాని వినేందుకు పెట్టెలేవి? దొరగడీలో ఒకటి, తాలూకా కచేరీలో ఒకటి, పట్నంలో వర్తకుడి ఇంట్లో ఒకటి. పల్లెలో రేడియో పెట్టె వున్న ఇల్లు సాధారణంగా పోరాటానికి శత్రువు ఇల్లే. 1948 సెప్టెంబరు 17న నిజాం స్వయంగా రేడియోలో మాట్లాడి తన సైన్యాల లొంగుబాటును ప్రకటించాడు. ఒక రాజ్యం అంతరించిన వార్తను ఆ రాజు గొంతే చెప్పటం చరిత్రలో అరుదు. ఆ గొంతును విన్న పల్లెలు ఎన్ని? సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల పల్లెలు దాన్ని మరునాడో ఆ తరువాతో మనుషుల నోట విన్నాయి. ఆ తరువాత మూడేళ్ళపాటు ఆ పల్లెల్లో యూనియన్ సైన్యం చేసిన పనులను ఏ రేడియో చెప్పలేదు, పాటే చెప్పింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేవరకూ, ఆ తరువాతా.

1950 ఏప్రిల్ 1న డెక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. ఇక్కడి నుంచి నా వాదనకు ముఖ్యమైన ఘట్టం మొదలవుతుంది.

నా చిన్నతనంలో మా వూరి పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో, దాని గొంతు బయటికి వినిపించే గరాటా ఒకటి వుండేవి. సూర్యాపేట తాలూకాలో అప్పటికి చాలా వూళ్ళల్లో అటువంటివి వచ్చాయి. పొద్దున్నే కావలికారు తాళం తీసి మీట నొక్కేవాడు. మొదట ఆ ప్రఖ్యాతమైన సంకేత సంగీతం, తరువాత వందేమాతరం, తరువాత భక్తిరంజని. పశువులను తోలుకుపోయేవారు, బాయికి పోయేవారు వింటూ పోయేవారు. ఏడు గంటల ప్రాంతాన ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నారు వంటివారి వుచ్చారణ విని మా బడి పంతులు మమ్మల్ని అట్లా చదవమనేవాడు. ప్రధానమంత్రి ఏ దేశానికి వెళ్ళారో, ఐక్యరాజ్యసమితిలో ఎవరు ఏమన్నారో మాకు తెలిసేది. పక్క వూరి చెరువు తెగిన సంగతి మాత్రం ఆ దారినపోయే బండివాడు చెప్పేవాడు.

ఈ పొద్దుటి క్రమాన్ని విమర్శకుడి కళ్ళతో చూడండి. పాటకు ఒక గంట. ఆ పాట దేవుడిది. వార్తకు ఒక పావుగంట. ఆ వార్త ఢిల్లీది. వూరి పాటకు మరొక రోజు, మరొక వేళ, జానపద సంగీతం అనే శీర్షిక కింద పది, పదిహేను నిముషాలు. బుర్రకథలో ఒకే తెర ముందు నిలబడిన ముగ్గురినీ ముగ్గురు వేర్వేరు అధికారుల గదుల్లో కూర్చోబెట్టినట్టయింది. రాజకీయపు వంత వుద్యోగమే పోయింది. పాట నుంచి వార్తను తీసివేస్తే మిగిలేదాన్నే మనం జానపదం అని గౌరవంగా పిలుస్తున్నాము. అది విని ఆనందించవచ్చు, సేకరించవచ్చు, దానిమీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకోవచ్చు. దానికి భయపడవలసిన అవసరం ఏ తాసీల్దారుకూ లేదు.

దీనికి తోడు పరీక్షల పద్ధతి ఒకటి వచ్చింది. గాయకుడు కేంద్రానికి పోయి పాడాలి, అధికారులు శ్రేణి నిర్ణయించాలి. శాస్త్రీయ సంగీతానికి అది ఎంతవరకు మేలు చేసిందో నేను చెప్పలేను, అది నా విద్య కాదు. పల్లె మేళానికి మాత్రం అది ఇరుకు. హార్మోనియం సంగతే చూడండి. 1940 మార్చిలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బహిష్కరించింది. మన సంగీతంలోని సూక్ష్మస్వరాలు దానిలో పలకవని సంగీతజ్ఞుల వాదన. వాదనలో నిజం వుండవచ్చు. ఆ బహిష్కారం 1970 దశకంలోగాని సడలలేదు. ఈ మూడు దశాబ్దాలలో మా జిల్లాల్లో హార్మోనియం లేకుండా గజ్జెకట్టిన వీధిభాగవతపు మేళం నేను చూడలేదు. ఆ మేళం యథాతథంగా రేడియోలోకి పోవటానికి వీలులేకపోయింది. 1952లో సమాచార మంత్రి కేస్కర్ సినిమా పాటల మీద విధించిన ఆంక్షలను గురించి అందరూ రాస్తారు. శ్రోతలు రేడియో సిలోనుకు మళ్ళటం, దాంతో 1957లో వివిధభారతిని పుట్టించవలసిరావటం ప్రసిద్ధ కథ. సినిమా పాట తనకు జరిగిన అవమానానికి అయిదేళ్ళలో బదులు తీర్చుకున్నది, దాని వెనుక పెట్టుబడి వుంది. వీధిభాగవతం వెనుక ఎవరున్నారు?

ఇక్కడ ఒక మిత్రుని ఆక్షేపణ చెప్పాలి. ఆయన నల్లగొండలో చాలాకాలం తెలుగు బోధించినవాడు. ఆకాశవాణి లేకపోతే ఈ మాత్రం జానపద గేయాలు కూడా నిలిచేవి కావని, ప్రభుత్వ సంస్థను తిట్టటం మన వామపక్షీయులకు అలవాటైందని ఆయన అభిప్రాయం. ఆయన మాటలో సగాన్ని నేను ఒప్పుకుంటాను. హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం అనే పాత్రలు తెలంగాణా యాసలో మాట్లాడాయి. వార్తల్లో, నాటకాల్లో, పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చోటులేని మా మాట, సినిమాలో విదూషకుడికో దొంగకో కేటాయించిన మా మాట, అక్కడ ఇంటి మాటగా, పెద్దమనిషి తరహాగా వినిపించింది. మా అమ్మ చేతిలో పని ఆపి నిలబడి వినేది. చిన్నక్క తనతోనే మాట్లాడుతున్నదని ఆమె అనుకునేది. రైతుల గ్రామీణ చర్చాబృందాల ప్రయోగం కూడా మంచిది. 1956లో పూనా ప్రాంతంలో మొదలుపెట్టి 1959 నుంచి దేశమంతటా విస్తరించిన ఆ పథకంలో గ్రామస్థులు కూర్చుని కార్యక్రమం విని, చర్చించి, సందేహాలను కేంద్రానికి రాసేవారు. రేడియోకు చెవులు మొలిచిన కొద్దికాలం అది. కాని ఏ సందేహాలు రాయవచ్చు? ఎరువుల మోతాదును గురించి రాయవచ్చు. ఎరువు బస్తా సమితి ప్రెసిడెంటు బంధువుల ఇంటికే ఎందుకు పోతున్నదని రాస్తే ప్రసారం కాదు. చిన్నక్క పొదుపును గురించి, పిల్లల చదువును గురించి, ఆరోగ్యాన్ని గురించి చెప్పింది. కూలిరేట్ల సమ్మెను గురించి చెప్పగలిగే హోదా ఆమెకు లేదు. నా మిత్రుడు నిలుపుదలను గురించి మాట్లాడుతున్నాడు. నేను వాడుకను గురించి మాట్లాడుతున్నాను. వుప్పులో వేసిన చేపా నిలుస్తుంది.

రేడియో వదిలేసిన పనిని పాట మానుకోలేదు. పాలమూరు కూలీలు దేశంలోని ఆనకట్టలన్నిటికీ మట్టి మోశారు, కృష్ణ తమ జిల్లాలోనుంచే పారుతున్నా తమ చేలు ఎండటం చూశారు. నల్లగొండలో ఫ్లోరైడు నీరు తాగి మర్రిగూడ, చండూరు ప్రాంతాల్లో పిల్లల ఎముకలు వంకరపోయాయి. నీటిలో ఫ్లోరైడును తగ్గించే ఒక పద్ధతికి శాస్త్రజ్ఞులు నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది, నీరు మాత్రం చాలాకాలం మారలేదు. వలస, కరువు, నీరు అనే మూడింటి చుట్టూ 1990 తరువాత పుట్టిన పాటల సంపుటి ఎంత పెద్దదో విద్యార్థులు వూహించలేరు. గౌరారం గ్రామం నుంచి వచ్చిన గోరటి వెంకన్న గ్రామీణ వృత్తుల పతనాన్ని పాడిన పాట 2002లో 'కుబుసం' సినిమా ద్వారా రాష్ట్రమంతా మోగింది. అంతకుముందే 1999 మే నెలలో భువనగిరి ప్రాంతపు గాయని, స్పిన్నింగు మిల్లు కార్మికురాలు బెల్లి లలితను చంపి ముక్కలు చేసి పారవేశారు. ప్రజాగాయని గొంతు ఎవరికి ఎంత ప్రమాదకరంగా తోచిందో చెప్పటానికి వేరే సాక్ష్యం అవసరం లేదు. కేవలం జానపదం పాడేవారిని ఎవరూ అట్లా చంపరు. 2002 నుంచి సాగిన ధూంధాం సభల్లో పాట, ఆట, వుపన్యాసం మళ్ళీ ఒకే వేదికమీద నిలిచాయి. కథకుడూ ఇద్దరు వంతలూ మైదానంలో తిరిగి కలుసుకున్నారు. గాలిలో మాత్రం కలుసుకోలేదు.

గాలి ఎవరిది? ఈ ప్రశ్నకు 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. బెంగాల్ క్రికెట్ సంఘం వ్యాజ్యంలో వచ్చిన ఆ తీర్పు, గాలితరంగాలు ప్రజల వుమ్మడి ఆస్తి అన్నది; ప్రభుత్వ గుత్తాధిపత్యానికి చెల్లు రాసింది. న్యాయమూర్తి పి.బి. సావంత్ ప్రధాన తీర్పు రాయగా, మన తెలుగువాడైన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పులో ప్రైవేటు వ్యాపారుల చేతికి ప్రసారాలు పోయే ప్రమాదాన్ని కూడా హెచ్చరించాడు. ఆ హెచ్చరికను ఎవరూ పెద్దగా గుర్తుంచుకోలేదు. 2006లో హైదరాబాదులో వ్యాపార ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చి పొద్దుటి కార్యక్రమాలు మొదలుపెట్టాయి. వాటిలో సినిమా పాట వుంది, చతురోక్తి వుంది, ఏ కూడలిలో బండ్లు ఆగిపోయాయో వుంది. పొద్దున్నే ఆ కూడళ్ళలో పారాపట్టి నిలబడే పాలమూరు కూలీ అందులో లేడు.

ప్రజల ఆస్తి అన్న మాటను అక్షరాలా తీసుకున్నవారు మెదకు జిల్లా జహీరాబాదు ప్రాంతపు దళిత స్త్రీలు. ఈ రెండు జిల్లాల్లోది కాకపోయినా, అదే మెట్ట, అవే జొన్నలు, అదే కూలి బతుకు కాబట్టి దాన్ని ఇక్కడ వివరంగా చెప్పటం అవసరం. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు తమకొక రేడియో కావాలన్నారు. యునెస్కో సహాయంతో మాచనూరు గ్రామంలో పరికరాలు వచ్చాయి. ప్రసారానికి అనుమతి రాలేదు. దాదాపు పదేళ్ళు వారు పాటలు, మాటలు రికార్డు చేసి, టేపులను సంఘాల్లో కూర్చుని విన్నారు. గాలిలోకి పంపే హక్కులేని రేడియో! 2002 చివర ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం అనుమతి ఇచ్చింది. అంటే గాలిలో మాట్లాడటానికి పట్టా వుండాలన్న మాట. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడా వీలు కలిగించారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. ప్రారంభించినది ఆ 1995 తీర్పు రాసిన సావంత్ గారే. నడిపినది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు.

ఆ రేడియోలో నన్ను ఆకర్షించినది దాని వేళ. వారు పొద్దున ప్రసారం పెట్టుకోలేదు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పెట్టుకున్నారు. కారణం ఏ కూలితల్లినడిగినా చెప్తుంది. పొద్దున ఆమె కల్లాపి చల్లాలి, నీళ్ళు మోయాలి, సద్ది కట్టాలి, పొద్దెక్కకముందే చేను చేరాలి. తీరిగ్గా కూర్చుని ఫలహారం చేస్తూ రేడియో వినే వర్గం వేరు. ప్రసారపు వేళను నిర్ణయించటం కూడా వర్గదృష్టి మీద ఆధారపడిన విషయమని మన సిద్ధాంత గ్రంథాల్లో నేను చదవలేదు. మాచనూరు స్త్రీలు దాన్ని ఆచరించి చూపారు. పాత పంటలు, విత్తనాలు, నాటుమందులు, కలుపుపాటలు, పెండ్లిపాటలు వారి ముఖ్య విషయాలు. భాష వారిది. పరీక్షించి శ్రేణి నిర్ణయించే అధికారి లేడు.

కాని అక్కడా రాజకీయపు వంతకు చోటు దొరకలేదు. 2006 నాటి నిబంధనలు సామాజిక రేడియోలో వార్తలను, రాజకీయ స్వభావం గల కార్యక్రమాలను నిషేధించాయి. తరువాత కొంత సడలించి, ఆకాశవాణి వార్తలను మార్పులేకుండా తిరిగి వినిపించవచ్చునన్నారు. వాతావరణం, పరీక్షా ఫలితాలు, జాతరలు, కరెంటు, నీటి సరఫరాకు సంబంధించిన ప్రకటనలు వార్తల కిందికి రావన్నారు. ఇందులోని న్యాయం ఏమిటి? దినపత్రిక ఎవరైనా పెట్టవచ్చు. వార్తల టెలివిజను కేంద్రాలు పెట్టుబడిదారులు తలా ఒకటి పెట్టుకున్నారు, రాత్రింబవళ్ళు రాజకీయమే. తక్కువ ఖర్చుతో, పది కిలోమీటర్ల మేర, చదువురాని వారికి చేరగల సాధనానికి మాత్రం నిషేధం. 2013లో కామన్ కాజ్ అనే సంస్థ ఈ నిషేధాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. ప్రభుత్వం భద్రతను, పర్యవేక్షణలోని కష్టాన్ని కారణాలుగా చూపింది. అడుక్కుతినే కిన్నెరగాడి పాటకు నిజాం పోలీసు చూపిన కారణాలూ ఇంచుమించు ఇవే.

ఈ సమస్య మన దేశానిదే కాదు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ 1932లోనే, రేడియో పంపిణీ మాత్రమే చేస్తున్నదని, వినేవాడు మాట్లాడే సాధనంగా దాన్ని మార్చాలని వాదించాడు. బొలీవియా తగరపు గనికార్మికులు 1940 దశకం చివరి నుంచి తమ కూలిలో నుంచి చందాలు వేసుకుని సొంత రేడియోలు పెట్టుకున్నారు. వాటిలో పాటలుండేవి, నాటకాలుండేవి, యూనియన్ సమావేశాలుండేవి, తప్పిపోయిన పశువుల కబుర్లుండేవి. 1967 జూన్‌లో సైన్యం గని శిబిరాల మీద పడి కార్మికులను కాల్చినప్పుడు రేడియోను కూడా ఆక్రమించింది. ఆ గనికార్మికుల పొద్దుటి ప్రసారాన్ని మన బుర్రకథ దళం వింటే, భాష తెలియకపోయినా పద్ధతి గుర్తుపట్టేది.

మన వారికి గౌరవం దక్కలేదని నేను అనటం లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో ఇచ్చారు. ఇద్దరూ అర్హులే, ఆలస్యమైనా సంతోషమే. మొగులయ్య గొంతు ఇంటింటికీ చేరింది మాత్రం 2021లో ఒక సినిమా పాట వల్ల. పండుగ సాయన్న కథ వల్ల కాదు.

నల్లగొండలోగాని పాలమూరులోగాని కాలేజీ విద్యార్థులు, వుపాధ్యాయులు ఒక సామాజిక రేడియో పెట్టాలనుకుంటే నిబంధనలు ఏమి చేయనిస్తాయో లెక్కవేసి చూశాను. సద్దివేళ కిన్నెర వాయించవచ్చు. గొల్లసుద్దులు పాడించవచ్చు, పాత సుద్దులైతే. చిందు భాగవతం ఫలానా వూళ్ళో ఫలానా రాత్రి అని చెప్పవచ్చు. నీళ్ళ ట్యాంకరు ఏ వాడకు ఎన్ని గంటలకు వస్తుందో చెప్పవచ్చు, అది పౌర సౌకర్యాల ప్రకటన. మూడు రోజులుగా ఆ ట్యాంకరు దళితవాడకు ఎందుకు రాలేదని సర్పంచును పిలిచి అడగటం రాజకీయ స్వభావం గల కార్యక్రమం అవుతుంది. ఆ ప్రశ్నను హనుమంతు పద్ధతిలో సుద్దులుగా కట్టి పాడితే అది సంగీతమా, వార్తా అన్నది ఏ నిబంధనలోనూ రాసి లేదు. పెట్టబోయేవారు మొట్టమొదటి పొద్దున అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు.